రిలే ఉంటే సిగ్నల్ అందుతుంది.. మరి రహస్యం దక్కుతుందా?

ముందు గదిలో వైఫై బాగానే వస్తుంది. వెనక గదికి వెళ్తే వీడియో కాల్ ఆగిపోతుంది. వీధిలో ఫోన్ నిండా గీతలు కనిపిస్తాయి. సెల్లార్‌లోకి దిగితే ఒక్కటి కూడా ఉండదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని మధ్యలో ఒక రిపీటర్ కొని పెట్టుకోవడం. ఇంజినీర్లు దీన్నే రిలే అంటారు. అంటే ఒకవైపు నుంచి వచ్చిన సిగ్నల్‌ను అందుకుని ఇంకోవైపుకు పంపే మధ్యవర్తి అన్నమాట.

మధ్యవర్తి అన్నాక రెండు ప్రశ్నలు తప్పవు. మాటను చెడకుండా చేరవేస్తాడా? చేరవేస్తూ తాను కూడా వింటాడా? మొదటి ప్రశ్న సిగ్నల్ నిలకడకు సంబంధించింది, రెండోది భద్రతకు సంబంధించింది. సిగ్నల్ బాగుంటే భద్రత కూడా ఉన్నట్టే అనుకుంటాం, కానీ అది నిజం కాదు. ఒకే రిలే సిగ్నల్‌ను నిలబెట్టి రహస్యాన్ని బయటపెట్టగలదు. పద్ధతిగా వాడితే రెండింటినీ కాపాడగలదు. బ్యాంకు పనులు, డాక్టర్ రిపోర్టులు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాటలు అన్నీ ఇప్పుడు గాలిలోనే నడుస్తున్నాయి కాబట్టి ఈ తేడా అందరూ తెలుసుకోవాల్సిందే.

రేడియో కంటే పాత ఆలోచన

14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల కాలంలో మన దేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇక్కడి తపాలా గురించి వివరంగా రాశాడు. అప్పట్లో గుర్రాల తపాలా ఒకటి, కాలి తపాలా ఒకటి ఉండేవి. కాలి తపాలాలో ప్రతి మైలుకు మూడు చోట్ల మనుషులు సిద్ధంగా ఉండేవారు. ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో గంటలు కట్టిన కర్ర పట్టుకుని ఒకడు పరుగెత్తుకొచ్చేవాడు. గంటల చప్పుడు విని తర్వాతివాడు లేచి నిలబడేవాడు. ఉత్తరం చేతికి అందగానే వాడు పరుగు అందుకునేవాడు. గుర్రాల తపాలా కంటే కాలి తపాలాయే వేగంగా వెళ్లేదని ఆయన రాశాడు.

ఇప్పటి రిలేలు కూడా ఈ లెక్కతోనే పనిచేస్తాయి. పెద్ద దూరాన్ని ముక్కలు చేస్తే ఎవరూ అలసిపోరు. అయితే ఉత్తరం మోసేవాడు ఉత్తరం చదవకూడదు. అందుకే పాతకాలంలో లక్క ముద్ర వేసేవారు. ఇప్పుడు ఆ పని ఎన్‌క్రిప్షన్ చేస్తోంది.

సిగ్నల్ ఎందుకు అలసిపోతుంది?

అడ్డంకులు లేని చోట దూరం రెండింతలైతే అందే సిగ్నల్ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలు, మేడలు, ఇరుకు గల్లీలు ఉన్న చోట ఇంకా ఘోరం. ఊళ్లలో వేసే లెక్కల్లో తరచూ దూరం రెండింతలైతే బలం పదహారో వంతు అవుతుందని తీసుకుంటారు. ఇదే లెక్కను తిరగేస్తే రిలే బలం అర్థమవుతుంది. సరిగ్గా మధ్యలో ఒక రిలే పెడితే ఒక్కో అంగకు పదహారో వంతు శక్తి చాలు. రెండు అంగలు కలిపినా ఎనిమిదో వంతే. అరిచి చెప్పే బదులు మధ్యలో ఒకరిని నిలబెట్టి మెల్లగా చెప్పించడం లాంటిదే ఇది.

దూరంతో పాటు ఇంకో చిక్కు ఉంది. సిగ్నల్ నేరుగా ఒక్క దారిలోనే రాదు. గోడకు, బీరువాకు, పైకప్పుకు తగిలి చాలా దారుల్లో వస్తుంది. ఆ అలలు ఒకదానితో ఒకటి కలిసినచోట సిగ్నల్ బలపడుతుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నచోట మాయమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అందుకే ఫోన్‌ను జానెడు పక్కకు జరిపితే కాల్ నిలబడుతుంది, మళ్లీ వెనక్కి తెస్తే తెగుతుంది.

రెండో దారి విలువ

రిలే అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది. ఒక దారి పదిసార్లలో ఒకసారి విఫలమవుతుంది అనుకుందాం. అలాంటిదే ఇంకో దారి ఉంటే రెండూ ఒకేసారి విఫలమయ్యే అవకాశం వందలో ఒకటి. మూడు దారులుంటే వెయ్యిలో ఒకటి. ఫోన్ శక్తి పెంచకుండా, కొత్త టవర్ కట్టకుండా కేవలం ఇంకో దారి చూపించడం వల్ల వచ్చిన లాభం ఇది.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. దారులు నిజంగా వేర్వేరుగా ఉండాలి. రౌటర్, రిపీటర్ రెండూ ఒకే ప్లగ్ బోర్డు మీద ఆధారపడితే కరెంటు పోగానే రెండూ ఒకేసారి పోతాయి. రెండూ ఒకే గోడ వెనక ఉన్నా అంతే. తుపానులో ఒకే తీగ మీద నడిచే పది టవర్లు ఒకే టవర్‌తో సమానం.

ఈ ఆలోచనకు గణిత పునాది 1971లో పడింది. పంపేవారు, అందుకునేవారు, మధ్యలో సాయం చేసేవారు అనే మూడు చివరల లెక్కను ఎడ్వర్డ్ వాన్ డెర్ మ్యూలెన్ ముందుపెట్టారు. 1979లో థామస్ కవర్, కైరోలో పుట్టిన అబ్బాస్ ఎల్ గమాల్ కలిసి రిలే ద్వారా ఎంత సమాచారం పంపొచ్చో లోతుగా లెక్కగట్టారు. 2003, 2004 సంవత్సరాల్లో వచ్చిన పరిశోధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. ప్రత్యేకంగా రిలే పెట్టక్కర్లేదు, పక్కనున్న ఫోన్లే ఒకదానికొకటి రిలేలుగా సాయపడొచ్చని చూపించాయి.

పెంచి పంపడం, చదివి పంపడం

రిలేలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం విన్నదాన్ని అర్థం చేసుకోదు, అందిన అలను పెద్దది చేసి పంపేస్తుంది. ఇది చవక, ఆలస్యం కూడా తక్కువ. కానీ మాటతో పాటు గోలను కూడా పెద్దది చేస్తుంది. పాత మైకులో పాటతో పాటు బుస్సుమనే శబ్దం కూడా పెరిగినట్టు.

రెండో రకం ముందు సందేశాన్ని విప్పి చదువుతుంది. తప్పులుంటే దిద్ది, శుభ్రంగా తిరగరాసి పంపుతుంది. ఇంట్లో వాడే వైఫై రిపీటర్ ఈ రకమే. ఇందులో గోల పేరుకుపోదు. అయితే రిలే తానే తప్పుగా వింటే ఆ తప్పునే గట్టిగా చెబుతుంది. అందుకే సందేశం చివర సరిచూసుకునే అంకెలు జోడిస్తారు. అవి కుదరకపోతే రిలే ఆ ముక్కను ముందుకు పంపదు, మళ్లీ అడుగుతుంది.

రెండింటికీ ధర ఉంది. సాధారణ రిపీటర్ ఒకే చానల్‌లో వింటూ అదే సమయంలో మాట్లాడలేదు. ఒకసారి వినాలి, ఒకసారి చెప్పాలి. అందువల్ల వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మెష్ వైఫైలో రౌటర్ల మధ్య మాటకు వేరే బ్యాండు కేటాయించి ఈ నష్టాన్ని తగ్గిస్తారు. రెండింటి మధ్య కేబుల్ వేస్తే నష్టం ఇంకా తగ్గుతుంది.

దొంగచెవులకు రెండు అవకాశాలు

ఇక భద్రత సంగతి. రిలే పెట్టగానే ఒకే సందేశం గాలిలో రెండుసార్లు వినిపిస్తుంది. మొదటిసారి వినలేకపోయినవాడు రెండోసారి వినొచ్చు. రిలే గోడ అవతలి దాకా చేరవేస్తే సిగ్నల్ వీధిలోకీ వెళ్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా రిలే స్వయంగా దొంగచెవి కావచ్చు.

అయితే అదే రిలే భద్రతకు సాయపడగలదు కూడా. 1975లో ఆరన్ వైనర్ అనే శాస్త్రవేత్త ఒక విషయం రుజువు చేశారు. అసలు శ్రోతకు వినిపించిన దానికంటే దొంగచాటున వినేవాడికి మసకగా వినిపిస్తే, ఎలాంటి రహస్య తాళం లేకుండానే కొంత సమాచారాన్ని పూర్తి రహస్యంగా పంపొచ్చు. రిలే ఈ తేడాను పెంచగలదు. రిలే ఉంటే మెల్లగా మాట్లాడినా అసలు శ్రోతకు చేరుతుంది, దూరాన ఉన్నవాడికి అందదు. ఇంకో రిలే ఉంటే దాన్ని మాట చేరవేయడానికి కాకుండా దొంగచెవి ఉన్నవైపు గోల చేయడానికి వాడొచ్చు. పెళ్లిలో ఇద్దరు రహస్యం మాట్లాడుకుంటుంటే స్నేహితుడు మూడోవాడి చెవి దగ్గర డోలు వాయించినట్టు.

మరి రిలేనే నమ్మలేకపోతే? దీనికి పరిశోధకులు చూపిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. పంపేవారు సందేశం పంపే సమయంలోనే అందుకోవాల్సినవారు కావాలని గోల పంపుతారు. మధ్యలో ఉన్న రిలేకు రెండూ కలగలిసి అందుతాయి. అందులో ఏ ముక్కా దానికి అర్థం కాదు. ఆ కలగాపులగాన్నే పెద్దది చేసి ముందుకు పంపుతుంది. అందుకున్నవారికి తాము చేసిన గోల ఏమిటో తెలుసు కాబట్టి దాన్ని తీసేస్తే అసలు సందేశం మిగులుతుంది. మోసినవాడికి మాత్రం చేతిలో ఏముందో తెలియదు.

ఇవి ఎక్కువగా పరిశోధన స్థాయిలోనే ఉన్నాయి. దొంగచెవి ఎక్కడుందో తెలియనప్పుడు గోల ఎటు చేయాలో చెప్పడం కష్టం. అందుకే రోజువారీ జీవితంలో మనల్ని కాపాడేది ఎన్‌క్రిప్షనే. రిలే ఉపాయాలు దానికి తోడు నిలుస్తాయి తప్ప దాని స్థానం తీసుకోవు.

తాళం ఎక్కడ వేశారన్నదే అసలు ప్రశ్న

వైఫై పాస్‌వర్డ్ పెట్టాం కాబట్టి అంతా రహస్యమే అనుకోవడం పొరపాటు. ఆ తాళం ఫోన్ నుంచి రిపీటర్ దాకా ఒకటి, రిపీటర్ నుంచి రౌటర్ దాకా ఇంకొకటి. మధ్యలో రిపీటర్ లోపల తాళం తెరుచుకుంటుంది. అక్కడ చెడు సాఫ్ట్‌వేర్ చేరితే వచ్చీపోయే సమాచారం దాని కళ్లముందే ఉంటుంది.

బ్యాంకు యాప్‌లు, తాళం గుర్తున్న వెబ్‌సైట్లు, వాట్సాప్ లాంటివి పైన ఇంకో తాళం వేస్తాయి. ఆ తాళం మధ్యలో ఎక్కడా తెరుచుకోదు. అందుకే రిపీటర్‌కు పెట్టె కనిపిస్తుంది, లోపలి ఉత్తరం కనిపించదు. అయితే ఎవరు ఏ సైట్‌కు, ఎప్పుడు, ఎంతసేపు వెళ్లారన్నది చాలావరకు తెలిసిపోతుంది.

మొబైల్ నెట్‌వర్కులు కూడా ఈ పాఠం నేర్చుకున్నాయి. 4జీ ప్రమాణాల 10వ విడతలో రిలేలకు చోటిచ్చారు. అందులో రిలే ఒక చిన్న టవర్‌లా పనిచేసేది, కాబట్టి గాలిలో వేసిన తాళం దాని దగ్గర తెరుచుకునేది. 5జీ 16వ విడతలో ఫైబర్ లేని టవర్లను రేడియోతోనే కలిపే ఏర్పాటు తెచ్చారు. ఇందులో మధ్యలోని టవర్లు మోస్తాయి గానీ వినియోగదారుడి సమాచారం మీది తాళం తీయవు. తాళం ఫోన్ దగ్గర పడి, అవతలి చివర ఉన్న ప్రధాన కేంద్రంలోనే తెరుచుకుంటుంది. వీధి స్తంభం మీద పెట్టిన పెట్టెను ఎవరైనా ముట్టుకోవచ్చు. అలాంటి పెట్టెలో తాళం చెవి ఉంచకపోవడమే మేలు.

భద్రత కోసమే రిలే వాడే సందర్భాలూ ఉన్నాయి. వాట్సాప్ కాల్‌లో చాలాసార్లు రెండు ఫోన్లు నేరుగా కలుస్తాయి. అప్పుడు అవతలి ఫోన్‌కు ఇవతలి ఐపీ అడ్రస్ తెలిసే వీలుంటుంది. దాని ద్వారా ఉన్న ప్రాంతం సుమారుగా పట్టుకోవచ్చు. 2023లో వచ్చిన ఒక సెట్టింగ్ ఆన్ చేస్తే కాల్స్ అన్నీ కంపెనీ సర్వర్ల మీదుగా వెళ్తాయి, అడ్రస్ దాగుతుంది. కాల్ నాణ్యత కొంచెం తగ్గొచ్చు. మాటలకు మాత్రం రెండు చివరల తాళం ఉంటుంది కాబట్టి మధ్యలోని సర్వర్ వినలేదు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ అన్నచోట ఇది ఉంటుంది. తెలియని నంబర్లతో మాట్లాడాల్సినవారికి ఇది పనికొస్తుంది.

తాళం ఉన్నా దొంగ గెలిచే చోటు

ఎన్‌క్రిప్షన్ ఒక్కటే అన్నిటికీ మందు కాదనడానికి తాళం చెవి తీయకుండానే తెరుచుకునే కార్లు మంచి ఉదాహరణ. కారు దగ్గరికి వెళ్తే జేబులోని కీ దానితో రేడియోలో మాట్లాడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు ఇంటి తలుపు దగ్గర, ఇంకొకడు కారు దగ్గర పరికరాలతో నిలబడతారు. కారు అడిగిన ప్రశ్నను ఇంట్లోని కీకి, కీ ఇచ్చిన జవాబును కారుకు చేరవేస్తారు. కీ పక్కనే ఉందని కారు నమ్ముతుంది.

ఇక్కడ దొంగ ఏ రహస్య సంకేతాన్నీ ఛేదించలేదు. చదవనే లేదు, మోశాడంతే. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీలకు చెందిన 10 మోడళ్ల మీద ఈ దాడి పనిచేస్తుందని చూపించారు. దీనికి విరుగుడు ఇంకా బలమైన తాళం వేయడం కాదు, కాలం కొలవడం. రేడియో అల ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. ప్రశ్నకు జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కచ్చితంగా కొలిస్తే కీ ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. రిలే ఎంత వేగమైనదైనా కాంతిని మించి పరుగెత్తలేదు. కొత్త కార్లు కొన్నింటిలో ఇలా దూరం కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ కీలు వస్తున్నాయి. పాత కీ ఉన్నవారు రాత్రిపూట దాన్ని వీధి తలుపు దగ్గర కాకుండా మూత గట్టిగా పడే లోహపు డబ్బాలో పెట్టుకోవడం మంచిది. ఆ డబ్బా పనిచేస్తోందో లేదో కారు పక్కన ఒకసారి పరీక్షించుకోవాలి.

రహస్యం అక్కర్లేని రిలే

కొన్ని వేళల్లో రహస్యం కంటే మాట చేరడమే ముఖ్యం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం వేరే కార్యక్రమం కోసం అండమాన్‌లో ఉంది. మామూలు ఫోన్లు మూగబోయిన ఆ సమయంలో హామ్ రేడియో ద్వారా ద్వీపాల్లోని వారి క్షేమ సమాచారం ప్రధాన భూభాగానికి చేరింది. హామ్ రేడియోలో సందేశాన్ని రహస్య సంకేతాల్లో పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఎవరైనా వినొచ్చు. విన్నవారు ఎవరైనా అందుకుని ముందుకు చేరవేయొచ్చు. ఆపదలో అదే దాని బలం. అయితే అలాంటి బహిరంగ దారిలో బ్యాంకు వివరాలు, ఓటీపీలు చెప్పకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బూస్టర్ కొనే ముందు

ఇంటి వైఫై రిపీటర్, మొబైల్ సిగ్నల్ బూస్టర్ ఒకటే అనుకోవద్దు. వైఫై రిపీటర్ లైసెన్స్ అక్కర్లేని బ్యాండులో పనిచేస్తుంది. మొబైల్ బూస్టర్ మాత్రం టెలికాం కంపెనీకి కేటాయించిన బ్యాండులో అలలను పెంచి పంపుతుంది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ మన దేశంలో లైసెన్స్ లేకుండా ఇలాంటి పరికరం పెట్టుకోవడం నేరం. దీని వెనక కారణం కూడా ఉంది. నాసిరకం బూస్టర్ గోలను కూడా పెంచి టవర్ వైపు కుమ్మరిస్తుంది. మన గదిలో గీతలు పెరుగుతాయి, చుట్టుపక్కల ఇళ్లలో కాల్స్ తెగుతాయి. అందులో ఒకటి అంబులెన్స్ కోసం చేసిన కాల్ కావచ్చు. ఇంట్లో మొబైల్ సిగ్నల్ సరిగా లేకపోతే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవడం చట్టబద్ధమైన దారి. అపార్ట్‌మెంట్ మొత్తానికి సమస్య ఉంటే ఆపరేటర్‌కు ఫిర్యాదు చేసి వాళ్ల చేతే రిలే పెట్టించుకోవాలి.

ఇంట్లో చేయాల్సినవి

* రిపీటర్‌ను సిగ్నల్ రాని గదిలో పెట్టకండి. దానికే వినిపించకపోతే అది ఏం చెబుతుంది? రౌటర్‌కు, ఆ గదికి మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగా ఉన్నచోట పెట్టండి.
* వీలైతే రౌటర్ నుంచి రెండో రౌటర్‌కు కేబుల్ లాగండి. వేగమూ దక్కుతుంది, గాలిలో తిరిగే మాటా తగ్గుతుంది.
* రిపీటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. వైఫై పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ వేర్వేరుగా ఉంచండి.
* డబ్ల్యూపీఏ3 ఉంటే అదే ఎంచుకోండి, లేకపోతే డబ్ల్యూపీఏ2. బటన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్‌ను పని అయ్యాక ఆపేయండి.
* సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వదలొద్దు. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ డబ్ల్యూపీఏ2లో పెద్ద లోపాన్ని బయటపెట్టారు. అప్‌డేట్ చేసుకున్న పరికరాలే దాని నుంచి తప్పించుకున్నాయి. రౌటర్ గుర్తుంటుంది, మూలన ప్లగ్‌కు వేలాడే రిపీటర్‌ను అందరూ మరచిపోతారు.
* తెలియనివారు ఇచ్చిన, ఎక్కడిదో తెలియని పాత రిపీటర్ వాడకండి. వాడక తప్పకపోతే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అప్‌డేట్ వేయండి.
* పాస్‌వర్డ్ అడగని వైఫైలో ఉన్నప్పుడు, బ్రౌజర్ 'ఈ సైట్ సురక్షితం కాదు' అని హెచ్చరిస్తే అక్కడితో ఆగిపోండి. మధ్యలో ఎవరో నిలబడి ఉండొచ్చు.

ఈ జాగ్రత్తలన్నీ ఒకే సూత్రం నుంచి వచ్చాయి. మధ్యవర్తి లేకుండా దూరం దాటలేం, కాబట్టి మధ్యవర్తి మంచివాడా కాదా అన్న అనుమానంతో కూర్చోవడం వల్ల లాభం లేదు. అతను చెడ్డవాడైనా మన ఉత్తరం చదవలేని ఏర్పాటు ముందే చేసుకోవాలి. మోసే పని అతనికి ఇవ్వండి, తాళం చెవి మాత్రం రెండు చివరలా ఉన్నవారి దగ్గరే ఉంచండి.